మావాడి ముందు ఓడిపోవాలా?

ప్రశ్న:

నాకు 41 ఏళ్ళు. మాది మదనపల్లె, పెళ్ళయినప్పట్నుంచీ బెంగుళూరే. కనకపుర రోడ్డు పక్కన లేఔట్‌లో ఉంటాం. మావాడికి పన్నెండు నిండి పదమూడు నడుస్తోంది. వాడికి తోడుగా ఉంటుందని నేనూ ఒక సైకిల్ కొనుక్కున్నాను. శనివారం పొద్దున ఇద్దరం మట్టిదారుల్లో తిరిగి రావడం అలవాటయింది. పోయిన నెల ఊరి బయట ఒక నీలగిరి తోపులో చిన్న మౌంటెన్ బైక్ రేసు పెట్టారు. నాలుగు కిలోమీటర్ల రౌండు, మొత్తం మూడు రౌండ్లు. వాడు అండర్-14, నేను మహిళల విభాగం. కానీ అందర్నీ ఒకేసారి వదిలారు. రెండు రౌండ్లు వాడే నాకన్నా ముందున్నాడు. మూడో రౌండులో పెద్ద మిట్ట దగ్గర సైకిల్ దిగి తోసుకుంటూ కనిపించాడు. నేను పక్కనుంచి ఎక్కుతూ "రా నాన్నా, అయిపోయింది, గేరు మార్చు, కమాన్" అని అరిచాను. పక్కనే వాడి ఫ్రెండ్స్ ఉన్నారు. చివరికి వాడికన్నా నాలుగు నిమిషాలు ముందు చేరాను.

మా ఆయన ఫోటోలూ టైములూ ఫ్యామిలీ గ్రూపులో పెట్టారు. మా ఆడపడుచు "అమ్మ చేతిలో ఓడిపోయావంటరా" అని నవ్వే బొమ్మలు పెట్టింది. స్కూల్లో కూడా ఎవరో "ఏం మగా" (కన్నడంలో 'ఏరా' అన్నట్టు) అని ఏడిపించారట. అప్పట్నుంచీ వాడు సైకిల్ ముట్టుకోలేదు. మామగారు "పుత్రాదిచ్ఛేత్ పరాజయం, కొడుకు చేతిలో ఓటమినే కోరుకోవాలి అన్నారమ్మా, ఈసారి నువ్వే కాస్త వెనక ఉండిపో" అంటున్నారు. మా ఆయన లక్ష పెట్టి వాడికి తేలికపాటి కార్బన్ ఫ్రేము సైకిల్ కొంటే సరిపోతుందంటున్నారు. మా అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా "ఈ వయసులో నీకెందుకే ఇవన్నీ" అంటుంది. వచ్చే నెల మళ్ళీ రేసుంది. నేను పేరివ్వాలా? ఇచ్చి కావాలని వెనకబడాలా? వాణ్ణి ఒక్కణ్ణే పంపితే మేలా?

వాడి బరువు 38 కిలోలు, నాది 58. ఇద్దరి సైకిళ్ళూ ఒకే రకం, చెరొకటి 14 కిలోలుంటుంది. పెద్దయ్యాక కూడా పనికొస్తుందని వాడికీ 27.5 అంగుళాల చక్రాలదే తీసుకున్నాం. దిగుడులో మాత్రం వాణ్ణి నేను అందుకోలేను. అన్నట్టు, మధ్యమధ్య మోకాలు నొప్పంటాడు, దానివల్ల కూడా వెనకబడ్డాడేమో.

ఒక తల్లి, బెంగుళూరు

సమాధానం:

అమ్మా,

కావాలని ఓడిపోవద్దు. పేరివ్వండి, మీకు ఎంత చేతనైతే అంత గట్టిగా తొక్కండి.

మీ అబ్బాయి ఎన్నో శనివారాలు మీ వెనకా ముందూ తొక్కినవాడు. మిట్ట మీద మీ ఊపిరి ఎలా వినిపిస్తుందో, ఏ గేరులో మీ చెయిన్ ఎలా మోగుతుందో వాడికి తెలుసు. అలాంటివాడి ముందు మీరు అలసట నటిస్తే పది పెడల్ తిప్పులు పూర్తికాకముందే కనిపెట్టేస్తాడు. కనిపెట్టి ఊరుకోడు, పోయిన శనివారం గెలిచిందీ, అంతకుముందు గెలిచిందీ అన్నీ అనుమానంలో పడతాయి. పోయిన నెల ఓటమి వాడికి చేదుగా ఉంది, నిజమే. కానీ అది నిజమైన ఓటమి. దానికి కారణాలు వెతకొచ్చు, సరిచెయ్యొచ్చు. దొంగ గెలుపుతో ఏం చెయ్యగలడు?

ఇంకో సంగతి. మీ ఆధిక్యం ఎక్కువకాలం నిలిచేది కాదు. మగపిల్లలు సగటున పదమూడున్నర, పధ్నాలుగేళ్ళ దగ్గర అన్నిటికన్నా వేగంగా పొడుగెదుగుతారు. ఆ వెనకే కండ పడుతుంది, గుండె పెద్దదవుతుంది, రక్తంలో హిమోగ్లోబిన్ పెరుగుతుంది. తొక్కడం మానకపోతే పదిహేను, పదహారు వచ్చేసరికి మిట్ట మీద కూడా మిమ్మల్ని దాటిపోతాడు. ఆ రోజు వాడు వెనక్కి తిరిగి చూసినప్పుడు, మీరు నిజంగానే ఒగరుస్తూ వస్తున్నారని వాడికి నమ్మకం ఉండాలి. ఇప్పుడు ఒక్కసారి నటించారంటే ఆ నమ్మకం పోతుంది.

మామగారి మాట కొట్టిపారేసేది కాదు. కొడుకు తనను మించిపోవాలని పెద్దవాళ్ళు కోరుకోవడం మన ఇళ్ళల్లో ఉన్నదే. అయితే వాడు మించాలంటే మీరు నిజంగా తొక్కుతూ ఉండాలి కదా. ఆయనతో ఈ మాటే అనండి, "వాడు నన్ను గెలిచే రోజు కోసమే నేను రేసుకి వెళ్తున్నాను మామయ్యా" అని. కాదనలేరు.

ఇక అసలు రేసులో ఏం జరిగిందో చూద్దాం. మీరు మామూలుగా రాసేశారు గానీ, రెండు రౌండ్లు వాడే ముందున్నాడన్న మాట దగ్గర నేను ఆగాను. అంటే వాడు వేగం లేక ఓడలేదు, మొదట్లోనే వేగమంతా ఖర్చు చేసేశాడు. రేసుల్లో జెండా పట్టుకుని మలుపు దగ్గర నిలబడే మార్షల్ ఎవర్నడిగినా చెబుతారు, అండర్-14 పిల్లలు మొదటి రౌండు ఎలా తొక్కుతారో. గీత దాటగానే ఫ్రెండుకన్నా ముందు ఆ సన్నదారిలో దూరాలని ప్రాణం పెట్టేస్తారు. అందులో కొంత తెలివి కూడా ఉంది, సన్నదారిలో ముందున్నవాణ్ణి దాటడం కష్టం. కానీ పన్నెండు కిలోమీటర్ల రేసుకి ఆ లెక్క మూడో రౌండులో బయటపడుతుంది. మీరు మీ వేగంలో మీరు వెళ్ళారు, అందుకే చివర్లో మీ దగ్గర మిగిలింది. ఇది వయసుతో వచ్చే ఓపిక, కండబలం కాదు. వాడికీ నేర్పొచ్చు. మొదటి రౌండు ఫ్రెండుతో ఒక్క మాట మాట్లాడగలిగేంత ఊపిరిలో తొక్కాలి, రెండోది అదే వేగంలో, మూడోదానిలో ఉన్నదంతా. ఇదొక్కటి అలవాటైతే వచ్చే నెల్లోనే మీ నాలుగు నిమిషాల్లో సగం పోయినా నేను ఆశ్చర్యపోను.

సైకిల్ దిగి తోయడం గురించి వాడు సిగ్గుపడుతున్నట్టుంది. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. దిగి తోయడం, భుజాన వేసుకుని పరుగెత్తడం ఈ ఆటలో అంతర్జాతీయ నియమాల ప్రకారమే చెల్లుతాయి, దారి తప్పకుండా ఉంటే చాలు. 1996 అట్లాంటాతో ఒలింపిక్స్‌లోకి వచ్చిన ఆట ఇది. ప్రపంచకప్‌లో బురద పట్టిన రోజున పెద్ద పెద్దవాళ్ళు కూడా సైకిల్ దిగి పరుగెడతారు. పైగా ప్రపంచకప్ రేసుల్లో మరీ వెనకబడ్డవాళ్ళని మధ్యలోనే పక్కకు తప్పిస్తారు. ముందున్నవాళ్ళ మొదటి రౌండు టైములో 80 శాతం మేర వెనకబడితే ఇక అంతే. మీవాడు తోసుకుంటూ అయినా గీత దాటాడు. ఆ సంగతి ఇంట్లో ఎవరైనా వాడితో అన్నారా?

ఇప్పుడు సైకిల్ లెక్క. ఇక్కడ మీరు కాగితం, పెన్ను తీసుకోండి, మీవాణ్ణి కూడా కూర్చోబెట్టుకోండి. వాడు 38, సైకిల్ 14, కలిపి మిట్ట ఎక్కించాల్సిన బరువు 52 కిలోలు. మీరు 58, సైకిల్ 14, మొత్తం 72. వాడి ఒంట్లోని ఒక్కో కిలో 1.37 కిలోలు మోస్తోంది, మీ ఒంట్లోని ఒక్కో కిలో 1.24 కిలోలు మోస్తోంది. అంటే ఒకే వేగంతో ఎక్కాలంటే వాడి కండ మీ కండకన్నా దాదాపు పది శాతం ఎక్కువ పని చెయ్యాలి. అదే వాడి సైకిల్ ఒక్కటీ పదకొండు కిలోలకి దిగితే ఆ తేడా నాలుగు శాతానికి పడిపోతుంది. సైకిల్ బరువు పెద్దవాళ్ళకన్నా పిల్లలకి ఎందుకు ఎక్కువ భారమో ఇందులోనే ఉంది. ఈ లెక్క వాడి చేతే వేయించండి. "నేను బలహీనుణ్ణి" అనుకుంటున్న పిల్లాడికి "నేను ఎక్కువ మోశాను" అని అంకెల్లో కనిపించడం ఓదార్పు మాటలకన్నా ఎక్కువ పనిచేస్తుంది.

స్కూలు యూనిఫాం కొన్నట్టు రెండు సైజులు పెద్దది కొనడం మనవాళ్ళందరం చేసేదే. యూనిఫాం అయితే మడత పెట్టి కుట్టుకోవచ్చు, సైకిల్‌కి ఆ వీలు లేదు. ఫ్రేము పెద్దదయితే పిల్లాడు హ్యాండిల్ అందుకోవడానికి ముందుకి వాలిపోతాడు, మలుపులో బరువు సరిగ్గా పడదు. కాళ్ళు నేలకి ఆనాలని సీటు కిందికి దించేస్తాడు, అప్పుడు మోకాలు ప్రతి తిప్పుకీ విపరీతంగా మడుచుకుంటుంది. పెద్దవాళ్ళ సైకిల్‌కి క్రాంకు, అంటే పెడల్ బిగించే కడ్డీ, 170 మిల్లీమీటర్లో, ఇంకాస్త ఎక్కువో ఉంటుంది. వాడి వయసు పిల్లలకి 150 చుట్టుపక్కల చాలు. పొడుగు క్రాంకు పైకి వచ్చినప్పుడల్లా మోకాలిని ఇంకా మడుస్తుంది. మోకాలి సంగతికి మళ్ళీ వస్తాను.

కాబట్టి మీవారికి నా తరఫున చెప్పండి, కార్బన్ ఇప్పుడు వద్దు. ఏడాదిలో మూడు నాలుగు అంగుళాలు పెరిగినా పెరిగే పిల్లాడికి లక్ష రూపాయల ఫ్రేము ఎందుకు? పైగా ఓడిన వెంటనే లక్ష రూపాయల సైకిల్ ఇంటికి వస్తే ఆ లక్ష కూడా వాడి నెత్తిన కూర్చుంటుంది. ఈసారి ఓడితే ఏం సమాధానం చెప్పుకోవాలన్న భయం కొత్తగా పుడుతుంది. దానికన్నా వాడి కొలతకి సరిపోయే తేలికపాటి అల్యూమినియం సైకిల్ సెకండ్‌హ్యాండ్‌లో వెతకండి. 24 లేదా 26 అంగుళాల చక్రాలు వాడి ఎత్తుని బట్టి చూసుకోండి, ఎక్కించి తొక్కించి చూడకుండా కొనకండి. చవక సైకిళ్ళకి ముందు పెట్టే స్ప్రింగు ఫోర్కులు బరువెక్కువ, 38 కిలోల పిల్లాడికి సరిగ్గా కుంగను కూడా కుంగవు. అది లేని సైకిల్ దొరికినా వాడికి మేలే. బెంగుళూరులో సైకిల్ తొక్కే కుటుంబాలు చాలా ఉన్నాయి. పిల్లలు ఎదిగిపోయి సైకిళ్ళు చిన్నవైపోయిన ఇళ్ళు మీ లేఔట్‌లోనే దొరకొచ్చు.

అంతవరకూ పైసా ఖర్చు లేకుండా చెయ్యగలిగింది ఒకటుంది, చక్రాల్లో గాలి. పంచర్ షాపువాళ్ళు రోడ్డు సైకిల్‌కి కొట్టినట్టు కొట్టేస్తారు, టైరు రాయిలా ఉంటే బాగుందనుకుంటాం. గరుసు నేల మీద, నీలగిరి కాయలు రాలిన దారిలో గట్టి టైరు ఎగిరెగిరి పడుతుంది, పట్టు దొరకదు. మిట్ట మీద వెనక చక్రం జారిపోయి పిల్లలు దిగేది చాలాసార్లు ఇందుకే. ట్యూబు ఉన్న టైరయితే వాడికి 22 నుంచి 25 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత), మీకు 27, 28 దగ్గర మొదలుపెట్టి చూడండి. చక్రం రాయికి తగిలినప్పుడు రిమ్ము టక్కుమంటోందంటే కొంచెం పెంచండి. గేజీ ఉన్న పంపు ఇంట్లో లేకపోతే ముందు అది కొనండి.

ఇప్పుడు కాస్త కటువుగా చెప్పాల్సిన మాట. మీరు ముందు చేరినందుకు కాదు, ఆ మిట్ట మీద మీరు అరిచిన అరుపుకి వాడు నొచ్చుకున్నాడని నా అనుమానం. ప్రేమతోనే అరిచారు, అందులో సందేహం లేదు. కానీ ఒకసారి ఆలోచించండి. అక్కడ పక్కింటి పిల్లాడు తోసుకుంటూ ఉంటే మీరేమనేవారు? మహా అయితే "కుడివైపు నుంచి వస్తున్నా" అని చెప్పి దాటి, "బాగా తొక్కుతున్నావ్" అనేవారు. రేసులో అంతే చాలు. వెనకనుంచి వేగంగా వచ్చేవాళ్ళు ఏ పక్కనుంచి వస్తున్నారో చెప్పాలి, ముందున్నవాళ్ళు వీలున్నచోట దారివ్వాలి. రేసు నడిచినంతసేపూ మీ అబ్బాయిని కూడా పక్కింటి పిల్లాడిలాగే దాటండి. "నాన్నా" లేదు, "కమాన్" లేదు, సలహా అసలే లేదు. పైగా ఆ సలహా కూడా ఆలస్యంగా ఇచ్చారు. గేరు మిట్ట కింద, కాళ్ళు తేలిగ్గా తిరుగుతున్నప్పుడు మార్చాలి. సగం ఎక్కాక బలం పెట్టి తొక్కుతూ మారిస్తే చెయిన్ కరకరమంటుంది, ఒక్కోసారి ఊడి వస్తుంది. అప్పటికే దిగిపోయిన పిల్లాడికి గేరు మార్చమని చెబితే వాడికి కోపం రాదా?

రెండోది ఫ్యామిలీ గ్రూపు. రేసు పెట్టినవాళ్ళు మీ ఇద్దర్నీ పోటీ పెట్టలేదు. వాళ్ళ కాగితంలో మీరు మహిళల విభాగం, వాడు అండర్-14. రెండు వేరువేరు జాబితాలు. బయల్దేరడం మాత్రం కలిపి బయల్దేరారు. రెండు జాబితాలనీ కలిపి "ఎవరు గెలిచారు" అన్నది మీ వాళ్ళే. వాడి విభాగంలో వాడెన్నోవాడుగా వచ్చాడో ఉత్తరంలో మీరు కూడా రాయలేదు చూశారా? వాడికి ఆ స్థానం గుర్తుండే ఉంటుంది. ఇంకొకటి కూడా చూడండి. వయసు విభాగాలు సాధారణంగా పుట్టిన సంవత్సరాన్ని బట్టి కడతారు. ఏడాది చివర్లో పుట్టిన పిల్లాడు అదే ఏడాది జనవరిలో పుట్టినవాడితో పోటీ పడాల్సి వస్తుంది. ఈ వయసులో పది, పదకొండు నెలలంటే కొన్ని అంగుళాలు, కొన్ని కిలోలు. మీవాడు ఏ నెల్లో పుట్టాడో చూసి ఆ జాబితా మళ్ళీ చదవండి.

ఆడపడుచుకి కోపంగా మెసేజ్ పెట్టకండి, గొడవ పెరిగి వాడి పేరు ఇంకో పదిసార్లు వస్తుంది. మీవారు ఫోన్ చేసి "వాడి ముందు ఆ సంగతి ఎత్తకు అక్కా" అంటే చాలు. ఆవిడ మీవారికి చెల్లెలైతే ఇంకా తేలిక. ఇకనుంచి వాడి ఫోటోగానీ టైముగానీ ఏ గ్రూపులో పెట్టాలన్నా ముందు వాణ్ణి అడగాలన్నది ఇంటి నియమం చెయ్యండి. పన్నెండేళ్ళవాడికి ఈపాటి హక్కు ఇవ్వచ్చు.

వాడు సైకిల్ ముట్టకపోవడానికి మందు నాకు తోచింది చెబుతాను. రేసు ఊసెత్తకుండా వచ్చే శనివారం వాణ్ణి ఒక సాయం అడగండి. దిగుడులో వాణ్ణి మీరు అందుకోలేరు కదా, అది నిజంగా వాడికి తెలిసి మీకు తెలియని విద్య. "నేను దిగుడులో ఎక్కడ తప్పు చేస్తున్నానో చూడు" అనండి. వాణ్ణి ముందు వదిలి, కాస్త దూరం ఉంచి, వాడు పట్టే దారినే పట్టండి. బహుశా వాడు చెప్పేది ఇలా ఉంటుంది. మీరు మలుపులోకి వెళ్ళాక బ్రేకు నొక్కుతున్నారు, మలుపుకి ముందే పట్టి వదిలెయ్యాలి. సీటు మీద కూర్చుండిపోతున్నారు, లేచి రెండు పెడళ్ళూ సమంగా ఉంచి నడుము వెనక్కి తీసుకోవాలి. ముందు చక్రాన్నే చూస్తున్నారు, నాలుగైదు మీటర్ల అవతల చూడాలి. ఇవి వాడి నోట వినండి. విన్నాక నిజంగా చెయ్యండి, మళ్ళీ చెబుతున్నాను, నటించొద్దు. మీ రేసు టైము కూడా దీనివల్ల తగ్గుతుంది, అది మీ లాభం.

ఆ తర్వాత ఒక ఆట. మిట్ట ఉన్న చిన్న రౌండు ఒకటి చూసుకోండి. వాణ్ణి ముందు వదిలి, ఒప్పుకున్నన్ని సెకన్ల తర్వాత మీరు బయల్దేరి వెంటపడండి. పట్టుకుంటే తర్వాతిసారి ఆ తేడా పెంచండి, పట్టుకోలేకపోతే తగ్గించండి. ఇందులో వాడికి మీరిచ్చే వెసులుబాటు దాచిపెట్టినది కాదు, ఇద్దరికీ తెలిసిన అంకె. వారం వారం అది తగ్గుతుంటే వాడే గోడ మీద రాసి పెట్టుకుంటాడు. కావాలని ఓడిపోవడానికీ దీనికీ ఉన్న తేడా పిల్లలకి పెద్దవాళ్ళకన్నా బాగా తెలుస్తుంది.

ఎక్కడ సాధన చెయ్యాలన్నది మీరు అడగలేదు గానీ, కనకపుర రోడ్డు అన్నారు కాబట్టి ఒక మాట. తురహళ్ళి మీకు దగ్గర, అక్కడి దారులు చూస్తే ఎవరికైనా నోరూరుతుంది. కానీ అది అటవీశాఖ అడవి. సైకిళ్ళని రానిస్తున్నారో లేదో గేటు దగ్గర అడిగి, వద్దంటే వెనక్కి రండి. కంచె సందులోంచి దూరే అలవాటు పిల్లాడికి చెయ్యకండి. ఎక్కుడు సాధనకి నంది కొండ ఉంది. బెంగుళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంటే నంది శిఖరం 1478 మీటర్లు. కానీ అది తారురోడ్డు, ఆదివారం పొద్దున కార్లూ బైకులూ ఎగబడతాయి, పన్నెండేళ్ళవాడితో నేనైతే మామూలు రోజుల్లో సెలవు చూసుకుని వెళ్ళమంటాను. మీ చుట్టుపక్కల లేఔట్ల వెనక మట్టిదిబ్బ ఒకటి ఉన్నా మీ పని జరుగుతుంది. వాన కురిసిన మర్నాడు మాత్రం ఎర్రమట్టి దారుల్లోకి వెళ్ళకండి. చక్రాలకి బంకలా పట్టేస్తుంది, దారి కూడా పాడవుతుంది.

మీ అమ్మగారి ప్రశ్నకి జవాబు తేలిక. జర్మనీకి చెందిన సబీన్ స్పిట్జ్ 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో మహిళల మౌంటెన్ బైక్ క్రాస్‌కంట్రీ స్వర్ణం గెలిచేనాటికి ఆమెకి 36 ఏళ్ళు, 2012 లండన్‌లో రజతం గెలిచేనాటికి 40. నార్వే క్రీడాకారిణి గున్-రీటా దాలె 2004 ఏథెన్స్ స్వర్ణం తర్వాత తల్లి అయ్యాక కూడా చాలా ఏళ్ళు ప్రపంచ స్థాయిలో తొక్కారు. ఓపిక కావాల్సిన ఆటల్లో నలభై పెద్ద వయసు కాదు. అయితే అమ్మలకి ఒలింపిక్స్ కథలు చెబితే లాభం లేదని నాకు తెలుసు. ఈసారి మదనపల్లె వెళ్ళినప్పుడు సైకిల్ కారు వెనక కట్టుకుని వెళ్ళండి, హార్స్‌లీ హిల్స్ వైపు ఒక పొద్దున తొక్కి వచ్చి ఆవిడ చేతి ఉగ్గాని రెండు ప్లేట్లు తినండి. ఇక అడగరు.

రేసు రోజు గురించి ముందే మాట్లాడుకోవాల్సింది ఒక్కటే పెద్ద విషయం, పడితే ఏమిటి? వాడు పడినచోట మీరు కనిపిస్తే ఏం చెయ్యాలో ఇప్పుడే ఒప్పందం చేసుకోండి. వాడు లేచి బొటనవేలు చూపిస్తే మీరు ఆగరు. చూపించకపోతే ఆగిపోతారు, రేసు పోయినా సరే. వాడికీ అదే నియమం, మీరు పడితే. ఇంకెవరైనా పడి కదలకుండా ఉంటే ఇద్దరూ ఆగాల్సిందే, ఒకరు మార్షల్‌కి చెప్పాలి. ఈ ఒప్పందం ఉంటే మీరు ప్రతి మలుపులో వాడికోసం వెతుక్కోరు, వాడికి అమ్మ తనని కాపలా కాస్తోందన్న చిరాకు ఉండదు. హెల్మెట్ పాతదై ఒకసారి గట్టిగా నేలకి తగిలి ఉంటే మార్చెయ్యండి, బయటికి పగులు కనిపించకపోయినా. తినడం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. రెండు గంటల ముందు ఇడ్లీలు, బయల్దేరే ముందు ఒక యాలక్కి అరటిపండు, సీసాలో నీళ్ళు. గంటలోపు రేసుకి అంతకుమించి అక్కర్లేదు, ప్యాకెట్లలో అమ్మే జెల్లులు అసలే వద్దు.

గీత దగ్గర మీరు ముందు చేరినా వాడు ముందు చేరినా, వెంటనే విశ్లేషణ మొదలుపెట్టకండి. వాడి చేతికి నీళ్ళిచ్చి పక్కకి తప్పుకోండి, ఫ్రెండ్స్ దగ్గరికి పోనివ్వండి. ఇంటికి వచ్చేటప్పుడు కారులో కూడా రేసు గురించి వాడే ఎత్తితే మాట్లాడండి, లేకపోతే ఏదైనా దర్శిని హోటల్లో ఆగి తట్టె ఇడ్లీయా దోసెయా అని మాత్రం అడగండి. ఈ నియమం మీకన్నా మీవారికి ఎక్కువ కష్టం. డ్రైవింగ్ ఆయనదైతే పాటలు పెట్టమనండి.

వాణ్ణి ఒక్కణ్ణే పంపాలా అన్నారు. అది మీరూ నేనూ తేల్చేది కాదు, వాడే తేల్చుకోవాలి. వాడి ముందు దారులు పెట్టండి. ఇద్దరం తొక్కుదాం, లేదా వేరే రేసుల్లో తొక్కుదాం, లేదా ఈసారికి నువ్వు వద్దనుకో. "నువ్వు రాకపోతే నేనూ రాను" అని మాత్రం అనకండి. మీ ఆట బరువు కూడా వాడి మీద పెట్టినట్టవుతుంది. వాడు వద్దంటే మీరు వెళ్ళండి. పేరిచ్చే ఫారం మాత్రం వాడిది వాడి చేత నింపించండి, సంతకం ఒక్కటి మీరు పెట్టండి.

ఇక మోకాలు. మీరు చివర్లో ఒక్క ముక్కలో రాశారు గానీ, నేను ఈ పనులన్నిటికన్నా ముందు దీన్నే చూడమంటాను. ఎదిగే వయసు మగపిల్లల్లో మోకాలి చిప్ప కింద, కాలి ఎముక మీద బొడిపెలా ఉండేచోట నొప్పి రావడం మామూలే. ఇంకా గట్టిపడని ఎముకని అక్కడ అతుక్కున్న కండరం లాగుతూ ఉంటుంది, దాన్ని ఆస్‌గుడ్-ష్లాటర్ అంటారు. ఎదుగుదల ఆగాక చాలామందికి దానంతట అదే పోతుంది. అంతవరకూ నొప్పిని బట్టి ఆట తగ్గించుకోవాలి. పెద్ద ఫ్రేము, దించిన సీటు, పొడుగు క్రాంకు దాన్ని ఎక్కువ చేస్తాయి. అయితే ఇది నేను ఉత్తరం చదివి చెప్పే రోగం కాదు. వాడు కుంటుతున్నా, వాపున్నా, రాత్రి నొప్పితో లేస్తున్నా ఆలస్యం చెయ్యకుండా ఎముకల డాక్టరుకి చూపించండి. మోకాలే అంటున్నా తుంటి కూడా చూడమనండి, ఈ వయసులో తుంటి ఎముక తేడా కూడా మోకాలి నొప్పిగా పైకి కనిపించవచ్చు. ఇవేవీ లేకపోయినా రేసుకి ముందు ఒకసారి చూపించడం మంచిదే.

డాక్టరు ఈ నెల సైకిల్ వద్దంటే వాడికి అక్కడ వేరే పని ఉంది. రేసు పెట్టేవాళ్ళు నీళ్ళ సీసాలు అందించడానికి ఒక చోటు చూపిస్తారు. వాణ్ణి మీ సీసాతో అక్కడ నిలబెట్టండి. వేగంగా వచ్చే సైకిల్‌కి సీసా అందించడం కూడా నేర్చుకోవాల్సిన పనే. చెయ్యి చాచి, మీరు పట్టుకున్న క్షణంలో వదిలెయ్యాలి. గట్టిగా పట్టుకుంటే మీరు పడతారు. ముందురోజు లేఔట్ రోడ్డు మీద నాలుగుసార్లు ప్రాక్టీస్ చెయ్యండి. మిట్ట దగ్గర వాడు మీకు "గేరు మార్చమ్మా" అని అరిస్తే మాత్రం మాట పడండి, ఒకటి బాకీ ఉన్నారు.